తుంటిగిన్నె విరిగితే: శస్త్రచికిత్సతో ముగియని కథ

తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉంటుంది. కటి ఎముకలో ఆ బంతికి సరిపడిన లోతైన గుంట ఒకటి ఉంటుంది. ఈ రెండింటి కలయికయే తుంటికీలు. లాటిన్ భాషలో ఈ గుంటకు 'ఎసిటాబులమ్' అని పేరు. భోజన సమయంలో వినెగర్ పోసి ఉంచుకొనే చిన్న గిన్నె అని ఆ మాటకు అర్థం. సుశ్రుతుడు శరీరంలోని సంధులను ఎనిమిది తెగలుగా విభజించి, గజ్జ వద్దనున్న ఈ సంధిని 'ఉలూఖల' సంధులలో చేర్చాడు. ఉలూఖలమనగా రోలు. ఈ కీలు చేసే పనికి గిన్నె కంటె రోలు అన్న పోలికే ఎక్కువ తగినది. గిన్నె తనలో ఉన్నదానిని పట్టి ఉంచుతుంది, అంతే. రోలు దెబ్బను కూడా భరిస్తుంది.

ఆ దెబ్బ సామాన్యమైనది కాదు. ఒంటికాలిపై నిలిచినప్పుడు గాని, నడకలో అడుగు మోపినప్పుడు గాని తుంటికీలుపై పడే భారం శరీరపు బరువుకు సుమారు రెండున్నర నుండి మూడు రెట్లు ఉంటుంది. అంటే 60 కిలోల మనిషి నడుస్తూ ఉంటే అతని తుంటి అడుగడుగునా 150 నుండి 180 కిలోల భారం మోస్తున్నదన్నమాట. ఇంత భారం కింద కూడా ఎముక ఎముకతో ఒరుసుకోకుండా ఉండడానికి ప్రకృతి రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొరను అమర్చింది. ఎముక విరిగితే అతుకుతుంది. కాని ఈ పొర ఒకసారి నశిస్తే మునుపటివలె మరల పెరగదు.

తుంటిగిన్నె విరిగి శస్త్రచికిత్స చేయించుకున్నవారు, వారి బంధువులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఎముక అతికింది కదా, ఇంకా భయమెందుకు?" దానికి జవాబు ఆ మృదులాస్థి పొరలోనే ఉన్నది.

దెబ్బ తగిలే తీరు

వృద్ధులలో తుంటిగిన్నె కొన్నిసార్లు జారిపడడం వల్లనే విరుగుతుంది. వయసులో ఉన్నవారిలో దీనికి ముఖ్య కారణాలు రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు; 4,43,366 మంది గాయపడ్డారు. ఆ గాయపడినవారిలో సంపాదనపరులైన యువకులు ఎందరో ఉంటారు.

కారు ముందు సీటులో కూర్చున్న వ్యక్తి మోకాలు ప్రమాదంలో డ్యాష్‌బోర్డుకు బలంగా కొట్టుకుంటే ఆ తాకిడి తొడ ఎముక వెంట పైకి పాకి తుంటిని చేరుతుంది. బంతి వెనుకకు నెట్టబడి గిన్నె వెనుక గోడను పగులగొట్టుకొని బయటకు జారుతుంది. అప్పుడు కాలు పొట్టిగా, మోకాలు లోపలికి తిరిగి కనిపిస్తుంది. పైకి కనిపించే గాయం మాత్రం మోకాలిమీద గీరుకున్న చర్మమే కావచ్చును. అందుచేత ముందు సీటులో ఉన్నవారికి మోకాలు గాయపడినా, తొడ ఎముక విరిగినా తుంటికి కూడా ఎక్స్-రే తీయించడం అవసరం. తొడ విరిగిన బాధలో తుంటి జారిన సంగతి మరుగునపడే ప్రమాదం ఉన్నది.

పారిస్ నుండి వచ్చిన పటం

తుంటిగిన్నె శరీరంలో చాలా లోతున ఉంటుంది. దాని చుట్టూ దళసరి కండరాలు, పెద్ద రక్తనాళాలు, నరాలు ఉంటాయి. అందువల్ల చాలాకాలం ఈ ఎముక విరిగినవారిని వారాల తరబడి మంచంపై పడుకోబెట్టి, కాలికి బరువులు వేలాడదీసి లాగి ఉంచడమే ప్రధాన చికిత్సగా ఉండేది. ముక్కలు వంకరగా అతికితే అది రోగి కర్మ అనుకొనేవారు.

ఈ పరిస్థితిని మార్చినవారు పారిస్ నగరపు వైద్యులు రాబర్ట్ జూడే, ఎమిల్ లెతూర్నెల్. గిన్నెను రెండు ఎముకల స్తంభాలు తలక్రిందులైన 'వై' అక్షరంవలె ఇరువైపులా పట్టి నిలబెడుతున్నాయని వారు గ్రహించారు. 1964లో వారు ప్రచురించిన వ్యాసం ఎముక ఏ ఏ విధాలుగా విరుగుతుందో, ఏ రకానికి శరీరంలో ఏ దారిన లోపలికి ప్రవేశించాలో వివరించింది. వారి విభజనలో అయిదు మూల రకాలు, అయిదు సంయుక్త రకాలు, వెరసి పది. ఇప్పటికీ ప్రపంచమంతటా శస్త్రవైద్యులు ఈ పటాన్నే అనుసరిస్తున్నారు. కటిని ఎదురుగానే గాక 45 డిగ్రీల కోణంలో ఇరుప్రక్కల నుండి కూడా ఎక్స్-రే తీసే పద్ధతికి నేటికీ జూడే పేరే ఉన్నది. దానికి తోడు నేడు సి.టి. స్కాన్ విరిగిన గిన్నెను మూడు కొలతలలో కళ్ళకు కట్టిస్తుంది.

మిల్లీమీటరు లెక్క

ఈ శస్త్రచికిత్సలో విజయాన్ని కొలిచే కొలత మిల్లీమీటరు. అమెరికాకు చెందిన జోయెల్ మట్టా రూపొందించిన ప్రమాణం ప్రకారం అతికించిన ముక్కల మధ్య తేడా ఒక మిల్లీమీటరు లోపల ఉంటే అది సహజమైన అమరిక. రెండు మూడు మిల్లీమీటర్లయితే అసంపూర్ణం. అంతకు మించితే అది విఫలమైన అమరిక. మూడు మిల్లీమీటర్లంటే కందిగింజ మందం కూడా లేదు. కాని రోలులో లేచిన చిన్న గట్టు రోకలిపోటును ఒకేచోట పడనిచ్చినట్లు, గిన్నెలో లేచిన ఆ మెట్టు శరీరభారాన్ని ఒకేచోట కేంద్రీకరిస్తుంది. అక్కడ మృదులాస్థి అరుగుతుంది.

గాయమైన మూడు వారాల లోపల శస్త్రచికిత్స చేసిన 262 తుంటి విరుగుళ్ళ ఫలితాలను మట్టా 1996లో ప్రకటించాడు. వాటిలో 71 శాతం సహజమైన అమరికను పొందాయి. చివరి ఫలితం 40 శాతం మందికి అత్యుత్తమంగా, 36 శాతం మందికి బాగుగా ఉన్నది. 16 శాతం మందికి మాత్రం ఫలితం చెడ్డది. ఆరితేరిన చేతులలో కూడా వందకు పదహారుగురు నిరాశ పొందారన్న సంగతి గమనింపదగినది.

మూడు వారాల గడువుకు కారణం ఉన్నది. అటుపైన విరిగిన ముక్కలు ఉన్నవి ఉన్నచోటనే అతుక్కోవడం మొదలుపెడతాయి. వాటిని విడదీసి సరిచేయడం ఎంతో కష్టమవుతుంది. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. చేతికో, కాలికో దెబ్బ తగిలితే కట్టు కట్టించుకొనే సంప్రదాయం మన పల్లెలలో ఇంకా ఉన్నది. కాని తుంటిగిన్నె విషయంలో బయటి నుండి కట్టే ఏ కట్టూ లోపలి ముక్కను చేరలేదు. గిన్నె పగిలినా ముక్కలు కదలక యథాస్థానంలో ఉన్నవారికి శస్త్రచికిత్స లేకుండానే నయం కావచ్చును. అయితే ముక్కలు కదిలాయో లేదో స్కాన్ చూచి నిపుణుడు చెప్పాలి. కట్టుతో కొన్ని వారాలు గడిపి, అప్పుడు ఆసుపత్రికి వస్తే మంచి అవకాశం చేజారినట్లే.

తరువాత వచ్చే చిక్కులు

శస్త్రచికిత్స తరువాతి చిక్కులు ఒకేసారి రావు. వాటికి ఒక వరుస ఉన్నది.

మొదటి రోజులలో భయపడవలసినవి మూడు. ఒకటి, గాయంలో చీము పట్టడం. రెండు, కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులను చేరితే ప్రాణానికే ముప్పు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులను డాక్టరు చెప్పినంతకాలం మానరాదనడం ఇందుకే. మూడు, సయాటిక్ నరానికి దెబ్బ. ఈ నరం గిన్నె వెనుక గోడను ఆనుకొనే పోతుంది. ప్రమాదంలోనే అది నలగవచ్చును. శస్త్రచికిత్స సమయంలో సాగవచ్చును. అప్పుడు పాదం పైకి లేవక నేలకు ఈడ్చుకుంటుంది. కోలుకోవడానికి నెలలు, కొందరికి సంవత్సరాలు పడుతుంది. అంతవరకు పాదం క్రిందికి వాలిపోయి బిగిసిపోకుండా ఆధారపు పట్టీ ధరించాలి.

కొన్ని వారాల తరువాత తలెత్తేది ఒక వింత సమస్య. కండరాల మధ్య, ఉండరాని చోట కొత్త ఎముక పెరుగుతుంది. దీనిని నాలుగు తరగతులుగా విభజించే పద్ధతిని బ్రూకర్ బృందం 1973లో ప్రతిపాదించింది. మొదటి తరగతిలో అక్కడక్కడ ఎముక దీవులు మాత్రమే కనిపిస్తాయి. నాల్గవ తరగతిలో తొడకు, కటికి మధ్య వంతెన కట్టినట్లయి కీలు పూర్తిగా బిగుసుకుపోతుంది. కండరాలను ఎక్కువగా విడదీసే శస్త్రమార్గాలలో ఈ ప్రమాదం అధికం. దీని నివారణకు ఇండోమెథాసిన్ మాత్రలు గాని, ఒక మోతాదు ఎక్స్-రే కిరణ చికిత్స గాని వైద్యులు వాడుతూ ఉంటారు. ఆ మాత్రలు ఇతర ఎముకలు అతకడాన్ని ఆలస్యం చేయగలవు గనుక సొంతంగా కొని వాడరాదు. తుంటి బిగుసుకున్నదని బలవంతంగా మర్దన చేయించడం కూడా మంచిది కాదు.

నెలలు గడచిన పిదప, ఎక్కువగా మొదటి రెండు సంవత్సరాలలో బయటపడేది అవాస్కులర్ నెక్రోసిస్. అనగా రక్తం అందక బంతిలోని ఎముక చచ్చిపోవడం. బంతికి రక్తం తెచ్చే ముఖ్య ధమని తుంటి వెనుక భాగాన మెలికలు తిరిగి వస్తుంది. బంతి గిన్నె నుండి జారినప్పుడు అది తెగవచ్చు, నలగవచ్చు. చచ్చిన ఎముక వెంటనే కూలదు. కొంతకాలం శరీరభారాన్ని మోసి, ఆ తరువాత క్రుంగిపోతుంది. అందుకే హాయిగా నడుస్తున్న మనిషికి ఏడాది తరువాత గజ్జలో నొప్పి మొదలుకావచ్చును.

ఇక చివరిది, అన్నింటికంటె తరచుగా వచ్చేది, కీలు అరుగుదల. 3,670 విరుగుళ్ళకు సంబంధించిన నివేదికలను కలిపి పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు 20 శాతం మందిలో ఈ అరుగుదల కనిపించింది. అయినప్పటికీ తిరిగి శస్త్రచికిత్స అవసరమైనవారు 8 శాతం మాత్రమే. గాయమైన అయిదేళ్ళకు 75 నుండి 80 శాతం మంది మంచి స్థితిలోనే ఉన్నారు. 2012లో మట్టా, ఆయన సహచరులు 810 మంది రోగుల వివరాలను ప్రకటించారు. వారి లెక్క ప్రకారం ఇరవై ఏళ్ళకు కూడా 79 శాతం మందికి సొంత తుంటి నిలిచి ఉన్నది. నలభై ఏళ్ళు పైబడినవారిలో, వెనుక గోడ విరిగినవారిలో, బంతిపై మృదులాస్థి చెడినవారిలో, అమరిక సరిగా కుదరనివారిలో నష్టం ఎక్కువగా కనిపించింది. వీటిలో మొదటి మూడూ ఎవరి చేతిలోనూ లేవు. అమరిక ఒక్కటే శస్త్రవైద్యుని చేతిలో ఉన్నది.

ఇద్దరు క్రీడాకారులు

బంతికి రక్తం ఆగిపోతే ఏమవుతుందో 1991లో అమెరికా కళ్ళారా చూచింది. బో జాక్సన్ అక్కడి ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండింటిలోనూ మేటి ఆటగాడు. ఆ సంవత్సరం జనవరి 13న ఫుట్‌బాల్ ఆటలో ప్రత్యర్థి పట్టి పడవేయగా అతని తుంటి దెబ్బతిన్నది. బంతిలోని ఎముక రక్తం అందక చచ్చిపోయింది. ముప్పై ఏళ్ళు నిండకముందే, 1992లో, అతనికి కృత్రిమ కీలు అమర్చవలసి వచ్చింది. 1993లో ఆ కీలుతోనే బేస్‌బాల్ ఆడి అందరినీ ఆశ్చర్యపరచినా, మరుసటి ఏడాదితో అతని క్రీడాజీవితం ముగిసింది.

2019 నవంబరు 16న అలబామా విశ్వవిద్యాలయపు ఆటగాడు టువా టాగోవైలోవాకు తుంటి జారి, గిన్నె వెనుక గోడ విరిగింది. అక్కడున్న వైద్యులు క్రీడాస్థలంలోనే బంతిని తిరిగి గిన్నెలోనికి చేర్చారు. రెండవనాడు హ్యూస్టన్‌లో శస్త్రచికిత్స చేసి గోడను అతికించారు. ఏడాది తిరగకముందే, 2020 అక్టోబరులో, అతడు వృత్తి క్రీడాకారునిగా మైదానంలో నిలిచాడు.

రెండు ఉదాహరణలతో శాస్త్రం తయారుకాదు. ఇద్దరి గాయాలూ అచ్చంగా ఒకటేనని అనలేము. కాని జారిన తుంటిని ఆరు గంటలలోపల యథాస్థానంలో చేర్చడానికి ప్రయత్నించాలన్న సూత్రాన్ని వైద్యలోకం అంగీకరించింది. ఆలస్యమైనకొద్దీ బంతికి రక్తం ఆగే ప్రమాదం పెరుగుతుంది. క్రీడాస్థలంలో వైద్యుడు ఉంటాడు. జాతీయ రహదారిపై ఉండడు. అక్కడ ఆరు గంటలు అంబులెన్సు కోసం, ఒక ఆసుపత్రి నుండి ఇంకొక ఆసుపత్రికి తిరగడంలో కరిగిపోతాయి. గాయపడినవారిని కాలు పట్టి లాగక, లేపి నిలబెట్టక, చెక్కపలకపై పడుకోబెట్టి ఎముకల నిపుణుడు ఉన్న చోటికే నేరుగా చేర్చడం ఆ గంటలను ఆదా చేస్తుంది. విరిగిన కటిని, తొడను కదలకుండా పలకపై బంధించి ఉంచే 'కపాటశయనం' సుశ్రుతుని గ్రంథంలోనే ఉన్నది.

రోగి చేతిలో ఉన్నది

శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగుస్తుంది. రోగి పని అప్పుడే మొదలవుతుంది. సాధారణంగా ఎనిమిది నుండి పన్నెండు వారాలపాటు ఆ కాలిపై పూర్తి బరువు మోపరాదు. చంకకర్రల సాయంతో పాదాన్ని నేలకు మెల్లగా ఆనించి నడవాలి. కాలిని పూర్తిగా గాలిలో ఎత్తి ఉంచడం మరింత క్షేమమని కొందరు భావిస్తారు. అది సరికాదు. ఎత్తి ఉంచిన కాలిని పట్టి నిలపడానికి కండరాలు బిగుసుకొని కీలుపై ఒత్తిడిని పెంచుతాయి.

పన్నెండు వారాలు అనడం తేలిక. లారీ నడిపేవానికి, తాపీమేస్త్రీకి, కూలికి పోయే స్త్రీకి అది మూడు నెలల తిండి ప్రశ్న. నొప్పి తగ్గగానే పనిలోకి దిగేది నిర్లక్ష్యంతో కాదు, అవసరంతో. అయినా అతకని గిన్నెపై మోపిన బరువు మిల్లీమీటరు అమరికను చెడగొట్టగలదు. మూడు నెలల కూలి కోసం ముప్పై ఏళ్ళ నడకను పణంగా పెట్టే పరిస్థితి రాకూడదంటే, ఆ మూడు నెలలు ఇంటిభారాన్ని ఎవరు మోయాలో కుటుంబమంతా ముందుగానే కూర్చొని ఆలోచించుకోవాలి.

రెండవ కర్తవ్యం మరల మరల చూపించుకోవడం. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్ళకు, అటుపైన వైద్యుడు చెప్పినట్లు ఎక్స్-రే తీయించుకోవడం పరిపాటి. గాయం మానగానే ఆసుపత్రి గడప మరచిపోయేవారు ఎందరో. అవాస్కులర్ నెక్రోసిస్ తొలిదశలో ఎక్స్-రేలో కనిపించదు, ఎం.ఆర్.ఐ. దానిని ముందుగా పసికట్టగలదు. లోపల అమర్చిన లోహం టైటానియం అయితే ఆ చిత్రం స్పష్టంగా వస్తుంది. ఉక్కు అయితే చిత్రం చెదురుతుంది. కనుక శస్త్రచికిత్స వివరాల కాగితం, అమర్చిన లోహం పేరు, మొదటి ఎక్స్-రేలు పారవేయక భద్రపరచాలి.

కొన్ని సూచనలు కనిపిస్తే గడువు కోసం ఆగరాదు. జ్వరంతో గాయం నుండి రసి కారడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం లేదా ఛాతీనొప్పి రావడం అత్యవసర లక్షణాలు. గజ్జలో కొత్తగా నొప్పి మొదలుకావడం, అది రాత్రి విశ్రాంతిలో కూడా వేధించడం, కాలిగోళ్ళు తీసుకోవడానికి వంగలేకపోవడం, కుంటు పెరగడం కీలు పంపే హెచ్చరికలు. తుంటి బాధ కొందరికి మోకాలిలోనే తెలుస్తుంది. మోకాలికి మందు రాసుకుంటూ నెలలు గడిపేవారికి అసలు జబ్బు పైన ఉన్నదని తట్టదు. మితిమీరిన మద్యం, వైద్యుని సలహా లేని స్టెరాయిడ్ మందులు బంతికి రక్తప్రసారాన్ని దెబ్బతీయగలవు.

చివరి మార్గం

అన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొందరి కీలు పాడవుతుంది. అది రోగి పాపమూ కాదు, వైద్యుని తప్పే కానక్కరలేదు. ప్రమాదం జరిగిన క్షణంలోనే మృదులాస్థి నలిగి ఉండవచ్చును. అటువంటివారికి కృత్రిమ తుంటి ఉన్నది. ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962లో ప్రవేశపెట్టిన పద్ధతి నుండి పెరిగినదే నేటి కీలుమార్పిడి.

అయితే విరిగి అతికిన గిన్నెలో కొత్త కీలు అమర్చడం మామూలు అరుగుదలకు అమర్చడమంత సులభం కాదు. పాత మచ్చలు, పలకలు, మరలు, లోపించిన ఎముక, దాగి ఉన్న చీము అడ్డుపడతాయి. కొత్త కీలు నిలిచే కాలం కూడా తక్కువ కావచ్చును. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకొని నేలపై కూర్చోవడం మన దేశంలో నిత్యజీవితంలో భాగం. కృత్రిమ కీలు అమర్చిన తరువాత వీటిని మానుకొమ్మని చాలామంది వైద్యులు చెబుతారు. కనుక సొంత కీలును కాపాడుకోగలిగినంతకాలం కాపాడుకోవడమే లాభం. అది సాధ్యం కానప్పుడు బాధ భరిస్తూ మూలన కూర్చోవడం కంటె సకాలంలో మార్పిడికి సిద్ధపడడం వివేకం.

తుంటిగిన్నె విరిగిన ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు మంచి స్థితికి చేరుకుంటున్నారన్నది ధైర్యమిచ్చే మాట. ఆ అయిదవవాడు ఎవరో మొదటి నెలలో ఎవరికీ తెలియదు. తెలుసుకొనే దారి ఒక్కటే. నొప్పి లేకపోయినా చెప్పిన తేదీకి ఎక్స్-రేలు చేతపట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళడం.